కింద పెట్టకూడని సంచి

దేవకమ్మ మాట్లాడకుండానే లోపలికి పోయింది. స్ట్రెచర్ తోసే మనిషి ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర కాసేపు ఆగాడు. ఆ ఆగడం తన కోసమేనని, చెప్పుకునే మాట ఏదన్నా ఉంటే చెప్పుకోమనేనని మునిరామయ్యకు అర్థమైంది, కానీ ఆమె కళ్ళు మూసుకుంది, ఆయన సంచిని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకున్నాడు, ఇంతలో తలుపు రెక్కలు లోపలికి తెరుచుకున్నాయి, స్ట్రెచర్ పోయింది, రెక్కలు వెనక్కి వచ్చి ఒకదానికొకటి తగిలి ఆగాయి. నిన్న పొద్దుటి నుంచి ఆమె ఆయనతో మాట్లాడటం లేదు. నర్సుతో మాట్లాడింది, పక్క మంచం ఆమెతో మాట్లాడింది, కిటికీ కమ్మీ మీద వాలిన కాకితో కూడా మాట్లాడింది, ఆయన నీళ్ళు అందిస్తే మాత్రం ముఖం గోడవైపు తిప్పుకుని తాగింది. ఆమె కోపాలు ఆయనకు కొత్త కాదు. ఇంట్లో అయితే గిన్నెల చప్పుడులో తెలిసేది, ఆవును అదిలించే గొంతులో తెలిసేది, చారులో ఉప్పు దగ్గర తెలిసేది. తుంటి విరిగి మంచం మీద పడుకున్న మనిషికి గిన్నెలు లేవు, ఆవు లేదు, చారు ఆస్పత్రి వాళ్ళది. ఉన్నది నోరు ఒక్కటే. దాన్ని మూసుకుంది.

గోడకు బిగించిన ఇనుప కుర్చీల వరసలో చివరి దాంట్లో ఆయన కూర్చున్నాడు. సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. పసుపు గుడ్డ సంచి, లోపల కాగితం పొట్లం, పొట్లంలో తిరుమల లడ్డు, ఒక పక్క వేలితో తుంచిన గుంట. ఆ గుంట వల్లే ఇదంతా. నిన్నే ఆపరేషన్ కావలసింది. మొన్న సాయంత్రం మత్తు డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి, రాత్రి అన్నం తిన్నాక ఇంకేమీ తినొద్దని చెప్పింది, కాఫీ వద్దు, టీ వద్దు, వక్కాకు వద్దు. దేవకమ్మ తలూపింది. తెల్లారకముందే ఆమె తమ్ముడు గుణశేఖర్ వచ్చాడు. చిత్తూరులో గొట్టాలు, మోటార్లు అమ్మే అంగడి అతనిది. అక్క ఆపరేషన్ అని మెట్ల దారిన కొండెక్కి, దర్శనం చేసుకుని, లడ్డు తీసుకుని, నిద్ర లేకుండా నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. పాదాలు వాచి ఉన్నాయి. వచ్చీ రాగానే వేలితో లడ్డు తుంచి అక్క నోట్లో పెట్టాడు. ఆమె కళ్ళకద్దుకుని తినింది. మునిరామయ్య చూస్తూనే ఉన్నాడు. ఏమీ తినకూడదన్న మాట వాళ్ళిద్దరికీ గుర్తుంది, తనకూ గుర్తుంది, కానీ ముగ్గురిలో ఎవరికీ అది తినడం లాగా తోచలేదు. ఉపవాసం రోజున కూడా ప్రసాదం నోట్లో వేసుకుంటారు. ఉపవాసం చెడిందని ఎవరూ అనరు.

పొద్దెక్కాక డాక్టరమ్మ వచ్చి అడిగింది. "అవ్వా, ఏమన్నా తిన్న్యావా?" లేదు తల్లీ అని దేవకమ్మ అనింది. గుణశేఖర్ కూడా లేదన్నాడు. అబద్ధం ఆడుతున్నామని వాళ్ళు అనుకోలేదు. డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది. గుటకేసినది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమని, అందుకే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నానని అనింది. ఆ మాట విన్నాక మునిరామయ్యకు దూడ గుర్తుకొచ్చింది. ఎర్రావు ఈనిన మొదటి దూడ, పారుడు రోగం పట్టుకుంటే ఆయనే దాని మూతి ఎత్తి పట్టుకుని వెదురు గొట్టంతో కషాయం పోశాడు, అది దగ్గింది, ఆయన ఇంకాస్త ఎత్తి పోశాడు, పొలమారిన కషాయం కడుపులోకి పోకుండా ఊపిరిలోకి పోయింది, సాయంత్రానికి ముక్కులోంచి నురగ వచ్చింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, తల ఎత్తకూడదప్పా, అని మాత్రం అన్నాడు. దూడ తల ఆయన తొడ మీద ఉండగానే ఊపిరి ఆగిపోయింది. ఆ బరువు నిన్న వార్డులో నిలబడి ఉండగా తొడ మీదికి మళ్ళీ వచ్చింది, ఆయన నోరు తెరిచి, "ప్రసాదం తినిందమ్మా, ఇంత," అని వేలి కొస చూపించాడు.

వార్డంతా ఇటు తిరిగింది. డాక్టరమ్మ అరవలేదు. నవ్వు ఆపుకున్నట్టు పెదవి బిగించి, "దేవుడిచ్చిందైనా యాడికి పోతాదవ్వా? కడుపులోకే గదా," అనింది. ఆ రోజు వరసలోంచి తీసేసి మర్నాడు పొద్దున మొదటి ఆపరేషన్‌గా రాయించింది. పక్క మంచం వాళ్ళు నవ్వారు. ఎవరో గుణశేఖర్‌ని చూసి, "లడ్డు తెచ్చిన బామ్మర్ది ఈయనేనా?" అన్నారు. గుణశేఖర్ సంచిని బావ చేతిలో పెట్టి మెట్లు దిగి పోయాడు. అప్పుడు దేవకమ్మ అన్న మాటలు రెండే. "రాత్రంతా మెట్లెక్కి వచ్చినోడ్ని పదిమందిలో నిలబెట్టినావు. ఆ సంచి కింద పెట్టొద్దు." ఆ తర్వాత నోరు మూసుకుంది.

కింద పెట్టకపోవడం అనుకున్నంత సులువు కాదు. మంచం కింద పెట్టకూడదు, అక్కడ అందరి చెప్పులూ ఉంటాయి. బల్ల మీద మందులు, మూత్రం సీసా ఉన్నాయి. రాత్రి వరండాలో చాప మీద పడుకున్నప్పుడు గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు, చీమలు మెడ మీదుగా దారి చేసుకున్నాయి. ఇప్పుడు పొత్తికడుపు బిగిసి ఉంది, పొద్దుటి నుంచి ఆపుకున్నాడు, మూత్రానికి పోవాలి, సంచితో పోకూడదు. ఒక కుర్చీ అవతల ఒకామె కూర్చుని ఉంది, కాళ్ళు పైకి ముడుచుకుని, కొంగు తల మీదికి లాక్కుని. పేరు తిరుమలమ్మ. పులికాట్ గట్టున చేపలు పట్టే వాళ్ళు. ఆమె మొగుడు కుప్పయ్య కాలు పడవకూ గట్టు రాయికీ మధ్య పడి నలిగింది, రెండో థియేటర్‌లో ఉన్నాడు. నిన్న వార్డులో లడ్డు గొడవ చూసినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

"అమ్మా, ఈ సంచి కాసేపు పట్టుకుంటావా, పోయొస్తాను."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "నేను పట్టుకోకూడదన్నా. నీసు తిన్న్యా."

"ఆస్పత్రిలో నీసు యాడిదమ్మా?"

"పొద్దున పాలతో పాటు గుడ్డు ఇస్తారు గదా. మాయన తినకూడదన్నారు, పారేస్తే పాపమని నేను తినేస్తి. గుడ్డు ఇచ్చింది గవర్మెంటు, పాపం నాకు అంటింది." ఆమె నవ్వింది. "కిటికీ కమ్మీకి తగిలియ్యి. నేను చూస్తా ఉంటా. చూసేదానికి నీసు అడ్డం లేదులే."

ఆయన సంచిని కమ్మీకి తగిలించి, కాకి రాకుండా ముడి వేసి, పోయి వచ్చాడు. వచ్చి సంచి తీసుకుని కూర్చున్నాక ఒళ్ళు తేలికైంది. మనిషికి కావలసింది ఒక్కోసారి ఇంతే అనుకున్నాడు. ఎదురుగా తలుపు. తలుపుకు గుండ్రటి అద్దం, అద్దానికి లోపలి నుంచి కాగితం అంటించి ఉంది. అద్దం గుండ్రం, విరిగిన ఎముక గుండ్రం. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించినప్పుడు ఆయనకు మొదట ఏమీ తెలియలేదు, తర్వాత తెలిసింది, తొడ ఎముక పైన బంతి లాంటిది, దాని మెడ దగ్గర విరిగింది, బంతికి ఇక నెత్తురు అందదు, అది ఎండిపోతుంది, అందుకని దాన్ని తీసేసి ఇనుప బంతి పెడతామని ఆ పిల్లవాడు చెప్పాడు. పిల్లవాడే, మీసం కూడా సరిగా రాలేదు. మునిరామయ్య జీవితమంతా మామిడికి అంట్లు కట్టాడు. కార్వేటినగరం చుట్టుపక్కల తోటల్లో ఆయన చేత్తో కట్టిన తోతాపురి చెట్లు ఇప్పుడు ఫ్యాక్టరీకి కాయలు పంపుతున్నాయి. టెంక మొలిచిన మొక్క తల కోసెయ్యాలి, మంచి చెట్టు కొమ్మను కత్తితో రెండు వైపులా చెక్కాలి, చీలికలో దించాలి, పట్టీ చుట్టాలి, గాలి పోకూడదు, నీళ్ళు పోకూడదు. తర్వాత మనిషి చేసేది ఏమీ లేదు. చిగురు వస్తుందా లేదా అని రోజూ పోయి చూడటమే. చూసి చూసి కదిలిస్తే అతకదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అంట్లు పాడు చేసేది కత్తి దగ్గర కాదు, ఇక్కడే, పట్టీ విప్పి చూడాలన్న తొందర దగ్గరే. ఆ గుండ్రటి అద్దానికి కాగితం అంటించి మంచి పని చేశారు అనుకున్నాడు.

దేవకమ్మ కోతుల్ని తోలబోయి పడింది. మిద్దె మీద వడియాలు ఎండబెట్టి కాపలా కూర్చుంది, కొండ మీది కోతులు గోడ మీదికి వచ్చాయి, కర్ర తీసుకుని లేచింది, పిండి నీళ్ళతో తడిసిన పాదం గుడ్డ మీద జారింది. పడ్డాక కూడా కోతుల్ని తిట్టింది. ఆంజనేయుడి వంశమని సందేహం వచ్చిందేమో తిట్టి లెంపలు వేసుకుంది. లేవబోతే లేవలేదు. కుడి పాదం పక్కకు తిరిగిపోయి ఉంది. చుట్టుపక్కల వాళ్ళు అందరూ ఒకే మాట, పుత్తూరు కట్టు. ఆయనా అదే అనుకున్నాడు, ఆ వైపు జనానికి ఎముక అంటే పుత్తూరే, చెయ్యి విరిగినా కాలు విరిగినా ఆకు పసరుతో, గుడ్లతో, వెదురు దబ్బలతో కట్టు వేసుకుని ఇంటికి వస్తారు. ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయారు. కట్టు వేసే ఆయన మోకాలి దగ్గర నుంచి వేళ్ళతో నొక్కుకుంటూ పైకి వచ్చి, తుంటి దగ్గర ఆగి, తిరిగిపోయిన పాదాన్ని చూసి, చేతులు కడుక్కున్నాడు. ఇది లోపల విరిగిందప్పా, కట్టు నిలవదు, తిరుపతి పెద్దాస్పత్రికి పోండి, అన్నాడు. ఆయన మనుషులే 108కి ఫోన్ చేశారు. దారి పొడవునా దేవకమ్మ అంబులెన్స్ పిల్లవాడిని నీదే ఊరు, మీయమ్మ ఏం చేస్తాది, పెళ్ళైందా అని అడుగుతూనే ఉంది. నొప్పి ఎక్కువైనప్పుడు ప్రశ్నలు ఎక్కువయ్యాయి.

ఆస్పత్రిలో మొదటి రాత్రి మంచం దొరకలేదు. వరండాలో గోడ పక్కన పరుపు వేశారు. ఫ్యాను ఉంది, తిరగలేదు. మరుగుదొడ్డి గురించి ఆయన ఎవరికీ చెప్పదలుచుకోలేదు. ఉచిత వైద్యం కార్డు నమోదు చేసేచోట వేలిముద్ర మిషన్ దేవకమ్మ వేళ్ళను ఒప్పుకోలేదు, ఒక్కో వేలూ పెట్టించారు, చింతపండు పిసికి, పేడ కలిపి, కలుపు తీసి గీతలు అరిగిపోయిన వేళ్ళు. చివరికి కంటి ముందు ఇంకో మిషన్ పెట్టారు. అది ఆమెను గుర్తుపట్టింది. గుర్తుపట్టాక అంతా ఒక్కటొక్కటిగా జరిగింది, నెత్తురు పరీక్ష, గుండె పరీక్ష, బీపీ మాత్ర, మంచం, మంచం పక్కన కిటికీ. ఎవరూ ఎక్కువ మర్యాదగా మాట్లాడలేదు. ఎవరూ పొమ్మని కూడా అనలేదు. ఆపరేషన్‌కి గానీ, తుంటిలో పెట్టే ఇనుప బంతికి గానీ ఎవరూ చెయ్యి చాపలేదు. స్ట్రెచర్ తోసే మనిషి మాత్రం టీ నీళ్ళకు అడిగాడు, ఆయన ఇచ్చాడు, ఇద్దరూ కలిసే తాగారు.

రాయవేలూరు ఆస్పత్రికి పోదామని గుణశేఖర్ పట్టుబట్టాడు. వాళ్ళ నాయనకు అక్కడే కడుపు కోసి కుట్టారు, ఆయన ఆ తర్వాత చాలా కాలం బతికాడు, బతికినన్నాళ్ళూ చొక్కా ఎత్తి ఆ గీత చూపించి, ఇది రాయవేలూరు కుట్టు, అనేవాడు. చిత్తూరు వాళ్ళకు రాయవేలూరు అంటే ఆఖరి కోర్టు. అక్కడ కాదన్నాక ఇంకెక్కడా లేదు, అక్కడికి పోకుండా మనిషి పోతే బంధువులు చేయవలసింది చేయలేదని లెక్క. గుణశేఖర్ కారు కూడా మాట్లాడాడు. మునిరామయ్య ఔననలేదు, కాదనలేదు, మంచం మీది మనిషి వైపు చూశాడు. దేవకమ్మ అప్పుడు పక్క మంచాన్ని చూస్తూ ఉంది. ఆ మంచం ఆమెకు కూడా తుంటే, ముందు రోజే ఆపరేషన్ అయింది. నర్సు ఆమెను లేపి చేతికి వాకర్ ఇచ్చింది. ఆమె దాన్ని ముందుకు జరిపింది, కాలు వేసింది, మళ్ళీ జరిపింది, వార్డు చివరి దాకా పోయి తిరిగి వచ్చి మంచం మీద కూర్చుని, ఆకలేస్తా ఉండాది, అనింది. దేవకమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఆయమ్మ నడిచింది, చూస్తివి గదా. నేనూ నడస్తా. ఈడే." గుణశేఖర్ ఇంకేదో అనబోయాడు. "గుణా, ఈడే," అనింది. అతను కారును పంపించేశాడు, ఆ సాయంత్రమే కొండ మెట్ల దారి పట్టాడు. తనకు చేతనైంది చేయాలి గదా. మునిరామయ్యకు ఇప్పుడు, ఈ కుర్చీలో, అది తెలుస్తోంది.

వేళ్ళకు నెయ్యి తగిలింది. ఎప్పుడు సంచిలో చెయ్యి పెట్టాడో, ఎప్పుడు పొట్లం విప్పాడో ఆయనకు తెలియదు, నోట్లో యాలకుల వాసన ఉంది. కొంచెమే. అంచున రాలిన పొడి. రాలినదాన్ని ఎలాగూ ఎవరికీ పెట్టరు. ఆయనకు షుగరు. ఊళ్ళో క్లినిక్‌లో నర్సమ్మ నెలనెలా వేలు పొడిచి చూస్తుంది, మాత్రలు ఇస్తుంది, పోయిన నెల బాగా తగ్గిందని మెచ్చుకుంది. అది తన గొప్ప కాదు, ఇంట్లో బెల్లం డబ్బా ఎక్కడ దాచిందో దేవకమ్మ చెప్పదు. మామిడి కాలంలో ఆయన తోటలోనే నాలుగు కాయలు తిని, మూతి కాలవలో కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చేవాడు. ఆమె దగ్గరికి వచ్చి వాసన చూసేది. ఇమాం పసందు అని కాయ పేరు కూడా చెప్పేది. ఆ ముక్కు ముందు ఏదీ దాగదు. ఆ కొత్తలో, పెళ్ళైన ఏడు, తోట నుంచి వచ్చిన ఆయన చేతులకు మామిడి జీడి తగిలి పొక్కులు లేస్తే కొబ్బరినూనె రాస్తూ, ఈ చేతుల్తో అన్నం ఎట్ల తింటావు అని అడిగి, జవాబు కోసం చూడకుండా ముద్ద కలిపి పెట్టింది. అప్పుడూ ఆమెకు కోపంగానే ఉంది. దేని మీదో గుర్తులేదు. నోట్లో కలకండ తగిలింది. అంచున రాలిన పొడిలో కలకండ ఉండదే. చూసుకుంటే నిన్నటి గుంట పక్కన ఇంకో గుంట ఉంది.

"దాంట్లో మాకు కూడా కొంచెం ఉండాదా, నువ్వే తినేస్తావా అన్నా?" తిరుమలమ్మ ఇటే చూస్తోంది.

"నువ్వు నీసంటివి గదమ్మా."

"పట్టుకునేదానికి అన్న్యా. నా ఎడమ చెయ్యి బాగుండాది, పొట్టు తీసింది కుడి చేత్తో." ఆమె ఎడమ చెయ్యి చాపింది, మళ్ళీ తనకే బాగుండలేదేమో దాన్ని వెనక్కి తీసుకుని నోరు తెరిచింది. ఆయన పైనుంచి తునక వేశాడు. ఆమె నములుతూ తలుపు వైపు చూసింది. "మా గట్టు మీద నుంచి చూస్తే రాకెట్టు పోయేది కనపడతాదన్నా. ఇల్లు అదురుతాది. పైకి పంపేది మా ఇంటి పక్కనే, కాలు విరిగితే మాత్రం తిరుపతి రావాల. పడవలో ఒడ్డుకు, ఒడ్డు నుంచి ఆటోలో సూళ్ళూరుపేటకు, ఆడ కట్టు కట్టి ఈడికి. మాయన దోవంతా ఒకటే పాట, నన్ను కూడా ఆ రాకెట్లో ఎక్కిచ్చింటే ఈపాటికి చేరిండేవాళ్ళం అని."

"యాడికి చేరేది?"

"అదే నేనూ అడిగినా," అని ఆమె నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి, "మీ ఇంటామె నీతో మాట్లాడకుండా పోయింది గదా, అందుకేనా మొగం అట్ల పెట్టుకున్న్యావు?" అని అడిగింది.

ఆయన చెయ్యి మళ్ళీ సంచిలోకి పోయింది.

"భయపడొద్దులే. నీకు పెట్టాల్సిన గడ్డి ఇంకా శానా ఉండాది ఆమె కాడ. అది పెట్టకుండా యాడికీ పోదు."

ఆ మాటను ఆయన నోట్లోని యాలకుల గింజలా తిప్పుకున్నాడు. నిజమే. నిన్న చెప్పకపోతే ఆమె నిన్ననే ఈ తలుపులోంచి పోయేది, నవ్వుతూ, తమ్ముడి చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకోకుండా పోయేది. తర్వాత ఏమయ్యేదో. ఏమీ కాకపోయుండవచ్చు. వేలి కొసంత పొడి. ఏమీ కాకపోతే తాను ఊరికే పదిమందిలో బామ్మర్దిని చిన్నబుచ్చిన మనిషి. అదే అవనీ అనుకున్నాడు. ఆమె ఊపిరి ఆడుతూ ఉంటే ఎన్నాళ్ళు మాట్లాడకపోయినా సరే, గిన్నెలు మాట్లాడతాయి, ఆవు మాట్లాడుతుంది. ఇంటికి పోయాక మిద్దె మెట్లకు కమ్మీ పెట్టించాలి. వడియాలు ఈ ఏడు వద్దు. వద్దంటే వినదు, అయినా కమ్మీ పెట్టించాలి. వాకర్ మట్టి నేల మీద జరుగుతుందా, వాకిట్లో బండలు పరిపించాలేమో. ఆలోచన అక్కడి దాకా పోయినందుకు ఆయనకు సంతోషం కలిగింది. బండలు, కమ్మీ, వాకర్, అన్నీ నడిచే మనిషికి కావలసినవే. కిటికీలోంచి ఎండ వచ్చి మోకాలి మీద పడింది. లోపల ఏదో మిషన్ ఒకే లయలో కూస్తోంది, అది ఎవరిదో తెలియదు, ఎవరిదైనా కూస్తూనే ఉంది గదా.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. గుణశేఖర్ వచ్చి, ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నాడు. వాచిన పాదాలకు రబ్బరు చెప్పులు. చేతిలో ఇడ్లీ పొట్లం. చాలాసేపు తలుపునే చూశాడు. తర్వాత పొట్లాన్ని ఖాళీ కుర్చీ మీద పెట్టి బావ వైపు తోశాడు.

"తిను బావా. షుగర్ మాత్ర ఏసుకోవాల గదా నువ్వు."

"నువ్వు తిన్న్యావా?"

"తింటాలే." మళ్ళీ తలుపు వైపు చూసి, "కింద కాంటీన్లో కూడా తెలిసిపోయిండాది. ఇడ్లీ ఏసేవాడు నన్ను చూసి, లడ్డు కూడా కట్టాల్నా అంటాడు," అన్నాడు.

మునిరామయ్యకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు, గుణశేఖర్ పెదవి కదిలింది, ఇద్దరూ తలుపు వైపే చూస్తూ నవ్వారు. "గుణా, నేను నిన్న—" అని ఆయన మొదలుపెట్టాడు.

"వద్దు బావా. నేను రాత్రి ఫోన్లో చూసినా, కడుపులోది పైకొస్తే ఏమైతాదో. చూసినంక నిద్ర పట్టలే." అతను పాదాలు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. "అక్కకు లడ్డు దాచిపెట్టినావు గదా? లేస్తానే అడుగుతాది."

"ఉండాది," అని మునిరామయ్య సంచిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎంత ఉందో చూసుకునే ధైర్యం ఆయనకు లేదు.

తలుపు రెక్కలు బయటికి తెరుచుకున్నాయి. ముందు మత్తు డాక్టరమ్మ వచ్చింది, మూతి గుడ్డ గడ్డం కిందికి లాక్కుని. ఇద్దరూ లేచారు. ఖాళీ కుర్చీ మీది ఇడ్లీ పొట్లాన్ని తిరుమలమ్మ అడగకుండానే తీసి పట్టుకుంది. "బాగా అయింది పెద్దాయనా. నడుం కింద తిమ్మిరి సాయంత్రానికి పోతాది. రేపు లేపి నడిపిస్తారు. ఇప్పుడు మాత్రం ఏమీ పెట్టొద్దు," అని, సంచి వైపు చూసి, "ఏ దేవుడిదీ వద్దు, నేను చెప్పిందాకా," అనింది. ఆమె పోయింది. వెనక స్ట్రెచర్ వచ్చింది. దేవకమ్మ ముఖానికి రంగు తగ్గింది, పెదవులు ఎండి ఉన్నాయి, కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి తమ్ముడి దగ్గర ఆగాయి, అతని పాదాల దాకా దిగాయి, మళ్ళీ పైకి వచ్చి, తిరుమలమ్మ చేతిలోని విప్పని పొట్లం మీదుగా మునిరామయ్య ముఖం మీద నిలిచాయి. ఆమె ముక్కు కొంచెం ముడుచుకుంది.

"మీసం తుడుచుకో," అనింది.

ఆయన చెయ్యి పైకి పోయింది. వేళ్ళకు పొడి తగిలింది.

"సూడు గుణా, మాత్రేసుకోలేదు, ఇడ్లీ తినలేదు, లడ్డు తిన్న్యాడు. నేను లోపల కోత పెట్టిచ్చుకుంటా ఉంటే ఈ మనిషి ఈడ లడ్డు తిన్న్యాడు." గొంతు సన్నగా, బొంగురుగా ఉంది, కానీ ఒక్క అక్షరం కూడా మింగలేదు. "ఎంత మిగిలిచ్చినావు?"

మునిరామయ్య సంచి విప్పి, పొట్లం విప్పి ఆమె కంటి ముందు పట్టాడు. ఒక జీడిపప్పు, దానికి అంటుకుని బూందీ. ఆమె చూసింది.

"అది గుణాకి పెట్టు. మెట్లెక్కింది వాడు."

గుణశేఖర్ వద్దన్నాడు, నీకుంచుతాను అన్నాడు. ఆమె కళ్ళతోనే పెట్టమంది. మునిరామయ్య జీడిపప్పును బూందీతో సహా తీసి బామ్మర్ది నోటికి అందించాడు. అతను తల వంచి తీసుకున్నాడు, కళ్ళు మూసుకుని నమిలాడు. స్ట్రెచర్ తోసే మనిషి ఆగే ఉన్నాడు, ఈసారి కూడా తొందరపెట్టలేదు. మునిరామయ్య కాగితాన్ని మడిచి సంచిలో పెట్టాడు, సంచిని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నిన్నటి నుంచి మొదటిసారిగా చేతులు రెండూ ఖాళీ అయ్యాయి. ఏం చేయాలో తోచక కాసేపు వాటిని చూసుకుని, స్ట్రెచర్ కమ్మీ పట్టుకున్నాడు.

"మెల్లిగా తొయ్యి," అనింది దేవకమ్మ. "ఇంకా నేను చెప్పాల్సింది శానా ఉండాది."